తగ్గిన బరువు నిలబడాలంటే

ఆరోగ్య సందేహాలకు జవాబులిచ్చే ఈ శీర్షికకు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బరువు తగ్గడం గురించినవే. వాటిలో తణుకు నుంచి వచ్చిన మొదటి ఉత్తరం మన ఊళ్లలో ఎన్నో ఇళ్లలో జరిగిన కథ కనుక దానికి కొంచెం విపులంగా సమాధానం రాస్తున్నాను. మిగిలిన వాటికి అవసరమైనంత మేరకు చెబుతాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. నా వయసు 43. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. కొన్నేళ్ల కిందట మా వీధిలో అందరూ అన్నం పూర్తిగా మానేసి కొబ్బరి నూనె, నిమ్మరసం, మంచినీళ్లతో ఉండే డైట్ మొదలుపెడితే నేనూ చేశాను. రెండు నెలల్లో 71 నుంచి 60 కిలోలకు వచ్చాను. మళ్లీ అన్నం తినడం మొదలుపెట్టాక ఏడాదిన్నరలో 73 అయ్యాను. ఆ తరువాత ఏడు రోజుల పండ్ల, కూరగాయల డైట్ రెండుసార్లు చేశాను. తగ్గిన మూడు కిలోలు పదిహేను రోజుల్లోనే వచ్చేశాయి. కిందటేడాది రాత్రి భోజనం మానేసి, పగలు కూడా సగం తిన్నాను. జుట్టు గుప్పెళ్లుగా ఊడిపోయింది, నీరసం పట్టుకుంది. ఇప్పుడు మోకాళ్ల నొప్పులకు చూపించుకుంటే బరువు తగ్గమన్నారు. 'నీకు పట్టుదల లేదు' అని మా ఇంట్లో అంటారు. నాకూ అదే నిజమేమో అనిపిస్తోంది. నాలుగు నెలల్లో 15 కిలోలు తగ్గాలంటే ఏ డైట్ మంచిది?
– పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు, తణుకు

సమాధానం: అమ్మా, ముందుగా పట్టుదల మాట. రెండు నెలల పాటు ఇంటిల్లిపాదికీ అన్నం వండి వడ్డిస్తూ, తాను మాత్రం మెతుకు ముట్టకుండా ఉన్న మనిషికి పట్టుదల లేదంటే నేను ఒప్పుకోను. ఆ డైట్ ఎలా మొదలుపెట్టాలో మీకు చెప్పినవారు, అది ఆపేసిన మర్నాడు పొద్దున ఏం తినాలో చెప్పలేదు. లోపం అక్కడ ఉంది.

పిండి పదార్థాలు ఒక్కసారిగా మానేస్తే మొదటి వారంలో బరువు చకచకా తగ్గుతుంది. మన కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో కొంత పిండి పదార్థం నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌ను అంటిపెట్టుకుని సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. తిండి తగ్గగానే ఆ నిల్వ ఖర్చయిపోతుంది, దానితో ఉన్న నీరు మూత్రంలో పోతుంది. తూకం రెండు కిలోలు తక్కువ చూపిస్తుంది కానీ, తగ్గిన దానిలో కొవ్వు కొద్దిపాటిదే. మీ ఏడు రోజుల డైట్‌లో పోయిన మూడు కిలోలు పదిహేను రోజుల్లో తిరిగి రావడంలో వింత లేదు. పోయిన నీరు చాలావరకు తిరిగి చేరింది. తరువాతి వారాల్లో కొవ్వు కరిగే మాట నిజమే, అయితే మాంసకృత్తులు చాలకపోతే దానితో పాటు కండ కూడా కరిగిపోతుంది. ఇక జుట్టు సంగతి: పోషణ హఠాత్తుగా పడిపోయిన రెండు మూడు నెలలకు ఇలా రాలడం మామూలే. తిండి కుదుటపడితే చాలామందికి తిరిగి వస్తుంది. అయినా ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. మీ వయసులో ఆ రెండింటినీ చూడకుండా నీరసానికి కారణం డైట్ ఒక్కటే అనుకోకూడదు.

రెండో ప్రపంచ యుద్ధం చివరి దశలో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు రోజుకు సుమారు 1,570 కిలో క్యాలరీల తిండి పెట్టి గమనించారు. ఈ రోజు చేతులు మారుతున్న డైట్ చార్టుల్లో చాలా వాటిలో అంతకన్నా తక్కువే ఉంటుంది. ఆ యువకులు తమ బరువులో దాదాపు నాలుగో వంతు కోల్పోయారు. ఎప్పుడూ చలిగా ఉండేది, చిరాకు పెరిగింది, రోజంతా తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదివినవారు కూడా ఉన్నారు. ప్రయోగం ముగిసి మళ్లీ కడుపు నిండా పెట్టినప్పుడు కొందరికి ఎంత తిన్నా ఆకలి తీరలేదు. యుద్ధంలో ఆయుధం పట్టబోమని సిద్ధాంతం కోసం నిలబడి, తమంతట తాముగా ఈ ప్రయోగానికి వచ్చిన మనుషులు వారు. వారికి పట్టుదల లేదని ఎవరనగలరు? కరువు వచ్చిందనుకున్న శరీరం తనను తాను కాపాడుకోవడానికి చేసే పని అది, మీలోనూ అదే జరిగింది.

ఆ కాపుదల డైట్ ఆపగానే ఆగిపోదు. అమెరికాలో ఒక టెలివిజన్ పోటీలో పాల్గొని విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తరువాత పరీక్షిస్తే, విశ్రాంతిగా ఉన్నప్పుడు వారి శరీరాలు ఖర్చు చేసే శక్తి, వారి బరువుకు ఉండవలసిన దానికన్నా రోజుకు సుమారు 500 కిలో క్యాలరీలు తక్కువగా ఉన్నట్టు 2016లో వెల్లడైంది. సగటున తగ్గిన 58 కిలోల్లో 41 కిలోలు తిరిగి వచ్చేశాయి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో జరిగి 2011లో ప్రచురితమైన మరో పరిశోధనలో, పది వారాల కఠినమైన డైట్ చేసినవారిలో ఆకలిని పెంచే హార్మోన్లు, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు ఏడాది తరువాత కూడా మునుపటి స్థితికి రాలేదని తేలింది.

అయితే నెమ్మదిగా తగ్గినంత మాత్రాన అంతా సరిపోతుందని చెబితే నేను నిజం దాచినవాడినవుతాను. అదే మెల్‌బోర్న్‌లో సుమారు 200 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టును 12 వారాల్లో, రెండో జట్టును 36 వారాల్లో బరువు తగ్గేలా చేశారు. మూడేళ్లు తిరిగేసరికి రెండు జట్లూ తగ్గిన బరువులో దాదాపు 70 శాతం తిరిగి పెరిగాయి. కాబట్టి వేగం ఒక్కటే అసలు విషయం కాదు. తగ్గడానికి ఒక తిండి, తగ్గిన తరువాత మరో తిండి అని రెండు ఉంటే, మొదటిది ఎంత నిదానంగా సాగినా రెండోది వచ్చిన రోజు నుంచి బరువు పెరగడం మొదలవుతుంది. నేను నెమ్మదిగా తగ్గమనడానికి కారణం, ఇంటి వంట మారడానికి, నాలుక అలవాటు పడడానికి, పండగలూ పెళ్లిళ్లూ జ్వరాలూ వచ్చిపోయినా నిలిచే తీరు ఒకటి కుదరడానికి నెలలు పడుతుంది కనుక. ఏ డైట్ గురించి విన్నా ఒకటే అడగండి: వచ్చే సంక్రాంతికీ, ఆ పై సంక్రాంతికీ నేను ఇలాగే తింటూ ఉండగలనా? ఉండలేనని మీ మనసు చెబితే మొదలుపెట్టకండి.

ఇప్పుడు లెక్కలు. మీ బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూసే లెక్క, 29.6. మన దేశస్థులకు అది 25 దాటితే ఊబకాయం కిందికి లెక్క. నడుము చుట్టుకొలత ఆడవారికి 80 సెంటీమీటర్లు, మగవారికి 90 మించకూడదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు వారానికి అర కిలో తగ్గడం సురక్షితమని, బరువు తగ్గడానికి తినే ఆహారం కూడా రోజుకు 1,000 కిలో క్యాలరీల కన్నా తక్కువ కాకూడదని చెబుతున్నాయి. ఆ లెక్కన నాలుగు నెలల్లో ఎంత బాగా చేసినా ఎనిమిది తొమ్మిది కిలోలకు మించదు. మీకు నేను పెట్టే గురి అంతకన్నా చిన్నది: ఆరు నెలల్లో నాలుగైదు కిలోలు, ఆ తరువాత రెండు నెలలు తగ్గకపోయినా పెరగకుండా నిలబడడం, మళ్లీ కొంత. నాలుగైదు కిలోలకు ఏమొస్తుందని అనుకోకండి. మోకీళ్ల అరుగుదల ఉన్నవారిపై అమెరికాలో జరిగిన పరిశీలనలో, ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలిపై పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో గుర్తించారు. ఐదు కిలోలు తగ్గితే అడుగడుగుకూ ఇరవై కిలోలు దిగినట్టు.

ఇక మీ వంటింట్లోకి వస్తాను. మన భోజనంలో ఒక విశేషం ఉంది. పప్పులోకి ఒకసారి, కూరలోకి ఒకసారి, పులుసులోకో చారులోకో ఒకసారి, చివర పెరుగులోకి ఒకసారి అన్నం పెట్టుకుంటాం. పెరుగన్నం తినకపోతే చాలామందికి భోజనం ముగిసినట్టే ఉండదు. పెట్టుకున్న ప్రతిసారీ కొంచెమే అనిపిస్తుంది, నాలుగుసార్లూ కలిపి చూస్తే కంచం నిండుతుంది. మీరు ఏదీ మానవద్దు. అన్నం ఒకేసారి పెట్టుకోండి, ఆ అన్నాన్నే నాలుగు భాగాలు చేసుకుని నాలుగింటిలోకీ కలుపుకోండి. మొదటి వారం చేయి గిన్నె వైపు వెళ్తుంది, కనుక అన్నం గిన్నె పొయ్యి గట్టు మీదే ఉంచి రండి. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పుతో నిండా కొలిస్తే సుమారు 150 గ్రాముల బియ్యం. వంద గ్రాముల బియ్యంలో 350 కిలో క్యాలరీలు ఉంటాయి. పైన చెప్పిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2,000 కిలో క్యాలరీలు తినే మనిషికి ఇడ్లీ రవ్వ, దోసెల బియ్యం, చపాతీ పిండి అన్నీ కలిపి ధాన్యం 250 గ్రాములకు మించనక్కరలేదు. బరువు తగ్గవలసిన మీకు అందులో మూడింట రెండు వంతులు సరిపోతుంది.

తగ్గించిన అన్నం చోటులోకి ఏదో ఒకటి రావాలి, లేకపోతే నాలుగింటికి ఆకలేసి జంతికల డబ్బా తెరుస్తారు. కూరను నంజుకున్నట్టు కాకుండా అన్నంతో సమానంగా వడ్డించుకోండి. పప్పు పలుచగా కాకుండా ముద్దగా చేసుకుని మరో గరిటె ఎక్కువ వేసుకోండి. తోటకూర పప్పు, పాలకూర పప్పు అయితే మరీ మంచిది. ఉదయం ఇడ్లీకి బదులు వారంలో రెండు మూడు రోజులు పెసరట్టు వేసుకోండి. గుడ్డు తినేవారైతే రోజుకొకటి తినండి. కండ కరగకుండా ఉండాలంటే మాంసకృత్తులు మూడు పూటలా అందాలి, అప్పుడే ఆకలి కూడా అదుపులో ఉంటుంది.

నూనె గురించి ఒక చిన్న పని చెబుతాను. ఈ నెల మొదటి నూనె ప్యాకెట్ కత్తిరించిన రోజున క్యాలెండర్‌లో ఆ తేదీ దగ్గర గుర్తు పెట్టండి, ప్రతి కొత్త ప్యాకెట్‌కూ అలాగే పెట్టండి. మార్గదర్శకాలు మనిషికి రోజుకు 27 గ్రాముల నూనె, నెయ్యి చాలంటున్నాయి. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు అది మూడున్నర లీటర్లు. మీ క్యాలెండర్‌లో ఐదో, ఆరో గుర్తులు కనిపిస్తే ఎవరినీ నిందించనక్కరలేదు, మూకుడులోకి నూనెను సీసాతో వంచడం మాని చెంచాతో కొలిచి వేయడం మొదలుపెట్టండి. ఒక పెద్ద చెంచా నూనె 120 కిలో క్యాలరీలు. వేపుడు మానవద్దు, వంకాయ ముక్కలను ముందు ఆవిరి మీద మగ్గించి, తరువాత రెండు చెంచాల నూనెలో వేయిస్తే రుచికి లోటు రాదు.

మీరు రాయకపోయినా నేను ఊహించగలిగింది ఒకటుంది. అందరూ తిన్నాక మధ్యాహ్నం రెండున్నరకో మూడింటికో కూర్చుంటారు, గిన్నెలో మిగిలిన కూర, పిల్లలు వదిలేసిన దోసె ముక్క పారేయలేక మీరే తినేస్తారు. మన ఇళ్లలో ఆడవారి బరువులో ఈ మిగులు తిండికి పెద్ద వాటా ఉందని ఇన్నేళ్ల అనుభవంతో నమ్ముతున్నాను. అన్నం పారేయకూడదన్న మీ మనసును నేను తప్పుపట్టను. వండేటప్పుడే అర గ్లాసు బియ్యం తగ్గించండి, ఇంట్లో వాళ్లతో కలిసి ఒకే వేళకు కూర్చోండి. ఈ రెండో మాట మీ ఇంట్లో వారు కూడా చదవాలని కోరుకుంటున్నాను. పట్టుదల గురించి మాట్లాడేవారు ఆమె కోసం పావుగంట ఆగగలరు.

మోకాళ్ల నొప్పి ఉంది కనుక మెట్లు ఎక్కి దిగే వ్యాయామం వద్దు. చదునైన నేల మీద పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి ఐదేసి నిమిషాలు పెంచుతూ అర గంట నడకకు రండి. కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు నిటారుగా చాచి పది లెక్కపెట్టే వరకు నిలిపే వ్యాయామం తొడ కండరాలకు బలమిస్తుంది, అది ఉదయం, సాయంత్రం చేయండి. రాత్రి భోజనం మానకండి. ఎనిమిది లోపు ముగించండి, చాలు.

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తీపి, నూనె పదార్థాలు తగ్గించి, రోజూ నడుస్తూ మొదటి నెలలో 90 నుంచి 86 కిలోలకు వచ్చాను. తరువాత ఆరు వారాలుగా అదే తిండి, అదే నడక, అయినా 86 దగ్గరే ఆగిపోయాను. ఇంకా కఠినంగా ఉండాలా?
– ఒక పాఠకుడు, మియాపూర్

సమాధానం: ఇంకా కఠినం కావద్దు. మొదటి నెలలో తగ్గిన నాలుగు కిలోల్లో కొంత నీరు ఉంది, అందువల్ల ఆ వేగం రెండో నెలలో కొనసాగదు. పైగా 86 కిలోల శరీరానికి 90 కిలోల శరీరానికి పట్టినంత తిండి పట్టదు. తిండి తగ్గినప్పుడు మనకు తెలియకుండానే కదలికలు కూడా తగ్గుతాయి. లేచి వెళ్లి మాట్లాడే బదులు మెసేజ్ పెడతాం, నిలబడే చోట కూర్చుంటాం. ఈ మూడూ కలిసి తూకాన్ని నిలబెడతాయి.

మీ ఉత్తరంలో సోమవారం నుంచి శుక్రవారం దాకా మీరు తినేది వివరంగా ఉంది, శని ఆదివారాలు లేవు. ఐదు రోజులు రోజుకు 400 చొప్పున తగ్గించి మిగిల్చిన 2,000 కిలో క్యాలరీలు, రెండు రోజుల బిర్యానీ, కూల్ డ్రింకులు, అర్ధరాత్రి ఫుడ్ డెలివరీతో సులువుగా ఖర్చయిపోతాయి. బిర్యానీ మానమని నేను చెప్పను. హైదరాబాద్‌లో ఉంటూ అది ఎవరికీ సాధ్యం కాదు. వారానికి ఒక పూట, ఇద్దరు కలిసి ఒక ప్లేటు, ముందు ఒక గిన్నెడు కీర దోస, ఉల్లి ముక్కల పెరుగు పచ్చడి. మర్నాడు తూకం చూసుకోకండి. అందులోని ఉప్పుకు చేరిన నీరు కిలో దాకా ఎక్కువ చూపించి మిమ్మల్ని నిరాశపరుస్తుంది. వారంలో ఒకే రోజు, పొద్దున కాలకృత్యాలయ్యాక చూసుకుని, నెల సగటును నెల సగటుతో పోల్చండి.

అమెరికాలో 1994 నుంచి, కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాదికి పైగా నిలుపుకున్నవారి వివరాలను నమోదు చేస్తున్నారు. వారు తగ్గిన పద్ధతులు వేరువేరు కానీ, నిలుపుకున్న తీరులో పోలిక ఉంది: ఎక్కువమంది ఉదయం అల్పాహారం మానరు, వారానికి ఒకసారైనా తూకం చూసుకుంటారు, రోజుకు దాదాపు గంట శ్రమ చేస్తారు. మీరు నడకకు తోడు వారానికి రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం చేర్చండి. ఆరు వారాల పాటు బరువు పెరగకుండా నిలిచిందంటే మీ కొత్త అలవాటు పనిచేస్తున్నట్టే. నడుము పట్టీ ఏ రంధ్రానికి వచ్చిందో కూడా చూసుకోండి.

ప్రశ్న: నా వయసు 56. పన్నెండేళ్లుగా షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. రోజుకు ఒక్క పూటే తింటే బరువు తగ్గి షుగరు పూర్తిగా పోతుందని మిత్రుడు చెప్పాడు. మాత్రలు వాడుతూనే మొదలుపెట్టవచ్చా? మా అబ్బాయికి కూడా షుగరు అంచున ఉందన్నారు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: అయ్యా, మొదలుపెట్టకండి. గ్లిమెపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. తిండి లేని వేళ చక్కెర ప్రమాదకరంగా పడిపోయి చెమటలు, వణుకు, తికమక, స్పృహ తప్పడం దాకా వెళ్లవచ్చు. బండి నడుపుతూ ఉండగా అలా జరిగితే ఏమవుతుందో ఆలోచించండి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారికి మరో ప్రమాదం ఉంది: పిండి పదార్థాలు పూర్తిగా మానేస్తే, చక్కెర మామూలుగా ఉన్నట్టు కనిపిస్తూనే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయి ప్రాణం మీదకు రావచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు కూడా డాక్టరును అడగకుండా ఉపవాస పద్ధతులు మొదలుపెట్టకూడదు.

మీ మిత్రుడి మాట పూర్తిగా అబద్ధం కాదు. బ్రిటన్‌లో 2017లో వెలువడిన ఒక పరిశోధనలో, మూడు నుంచి ఐదు నెలల పాటు రోజుకు సుమారు 850 కిలో క్యాలరీలతో ఉన్నవారిలో 46 శాతం మందికి ఏడాది తరువాత మాత్రలు లేకుండానే చక్కెర అదుపులో ఉంది. ఆ మాట చెప్పేవారు మిగతా సగం చెప్పరు. అక్కడ షుగరు, రక్తపోటు మాత్రలను మొదటి రోజే వైద్యులు ఆపించారు, షుగరు వచ్చి ఆరేళ్లు దాటనివారిని, ఇన్సులిన్ వాడనివారినే తీసుకున్నారు, ఆ తరువాత మామూలు తిండిని వారాల తరబడి మెల్లగా అలవాటు చేసి నెలనెలా పిలిచి చూశారు. అంత చేసినా రెండో ఏడాదికి 46 శాతం కాస్తా 36 అయింది. మీకు పన్నెండేళ్లయింది. మీ డాక్టరును కలిసి, బరువు తగ్గాలనుకుంటున్నాను, తిండి తగ్గిస్తే మాత్రల మోతాదు ఎలా మార్చాలి అని ముందుగా అడగండి.

మీ అబ్బాయి విషయంలో చెప్పడానికి మంచి మాట ఉంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 531 మందిని మూడేళ్లు గమనించి 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, తిండిలో మార్పు, క్రమం తప్పని నడకతో షుగరు వచ్చే అవకాశం దాదాపు 28 శాతం తగ్గింది. వారి బరువులో పెద్ద మార్పు రాకపోయినా ఈ మేలు జరిగింది. తూకం కదలలేదని మీ అబ్బాయి నడక మానకుండా చూడండి.

ప్రశ్న: అన్నం బదులు రాగి సంకటి, జొన్న రొట్టెలు, కొర్రన్నం తింటే బరువు తగ్గుతారా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం: కొలత మారకపోతే తగ్గరు. రాగులు, జొన్నల్లో శక్తి బియ్యం కన్నా కొంచెమే తక్కువ. పీచు ఎక్కువ కనుక తొందరగా కడుపు నిండుతుంది, రాగుల్లో క్యాల్షియం పుష్కలం. ఆ కారణాలకు తప్పక తినండి. జొన్న రొట్టె ఒకటో రెండో, దానితో గిన్నెడు ఆకుకూర పప్పు ఉంటే మంచి భోజనం. సంకటి ముద్ద పెద్దదై, పక్కన ఊరుబిండి మాత్రమే ఉంటే బియ్యం తిన్న దానికీ దానికీ బరువులో తేడా రాదు.

ప్రశ్న: బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన దేశంలోనూ దొరుకుతున్నాయి కదా, ఈ నడకలూ కొలతలూ ఇంకా ఎందుకు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశానికి వచ్చాయి. అవి నిజంగా పనిచేసే మందులే, ఊబకాయంతో పాటు జబ్బులున్నవారికి నిపుణుల పర్యవేక్షణలో ఎంతో మేలు చేస్తాయి. వాటిని వాడేవారిని తక్కువ చేసి మాట్లాడడం తప్పు. అయితే వెగోవీలోని సెమాగ్లూటైడ్‌ను ఆపేసినవారు ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి పెరిగినట్టు పరిశోధనలో తేలింది. ఆకలి తగ్గి తిండి తక్కువవుతుంది కనుక ఇంజెక్షన్ తీసుకుంటున్నప్పుడు మాంసకృత్తులు, కండ బలపడే వ్యాయామం మామూలు కన్నా ఎక్కువ అవసరం. మందు తీసుకున్నా తీసుకోకపోయినా కంచంలో ఏముందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. బొద్దుగా ఉన్నానని పొద్దున తినడం మానేసింది. రాత్రి కూడా రెండు ముద్దలే. తగ్గితే మంచిదే కదా అని ఊరుకున్నాను. సరైన డైట్ చెప్పగలరా?
– ఒక తల్లి, ఖమ్మం

సమాధానం: అమ్మా, ఎదిగే పిల్లకు బరువు తగ్గే డైట్ ఇవ్వకూడదు, దయచేసి ఇక ఊరుకోకండి. ఈ వయసులో ఎముక గట్టిపడాలి, నెలసరితో పోయే ఇనుము తిరిగి చేరాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. పూటలు మానే పిల్ల ఆ లెక్కలో చేరడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఇంట్లోకి చిప్స్, తీపి పానీయాలు తేవడం అందరికీ కలిపి తగ్గించండి, ఆమెకు ఒక్కదానికే కాదు. పొద్దున హడావుడిలో తినలేకపోతే ఉడికించిన గుడ్డు, అరటిపండు, లేదా వేరుశెనగ ఉండ చేతికివ్వండి. సాయంత్రం ఆటకో, సైకిలుకో, డ్యాన్సుకో గంట సమయం ట్యూషన్ల మధ్య మిగల్చండి. ఆమె ఎత్తు పెరుగుతున్నప్పుడు బరువు నిలకడగా ఉంటే చాలు, తగ్గవలసిన పని లేదు. చుట్టాలు వచ్చినప్పుడు 'లావయ్యావే' అంటే అక్కడే మాట మార్చండి. అద్దం ముందు నిలబడి మీ శరీరాన్ని మీరు తిట్టుకోవడం కూడా ఆమె వింటూ ఉంటుందని గుర్తుంచుకోండి.

నెలసరి వరుసగా రెండు మూడు నెలలు రాకపోయినా, తిన్న వెంటనే స్నానాల గదిలోకి వెళ్లి వాంతి చేసుకుంటున్నట్టు అనుమానం కలిగినా, నిలబడితే కళ్లు తిరుగుతున్నాయన్నా, మీ ఊళ్లోని పిల్లల డాక్టరు దగ్గరికి ఆ వారంలోనే తీసుకువెళ్లండి. వెళ్లే ముందు, ఇది శిక్ష కాదని, నువ్వు బాగుండాలనే తీసుకువెళ్తున్నానని ఆమెతో ఏకాంతంగా చెప్పండి.